పెట్కా పండగనాటి ఎర్ర కార్డు

దోబ్రిలా ఫ్యాక్టరీ ఉద్యోగం ఎలా మానేసిందన్న దానిమీద మా ఊళ్లో ఇప్పటికీ రెండు మాటలున్నాయి. ఫ్యాక్టరీ కాగితాల ప్రకారం ఆమె "కారణం తెలుపకుండా విధులకు గైర్హాజరు" అయింది. పక్క మిషన్ మీద కుట్టే జగోర్కా మాత్రం ఒప్పుకోదు. "అది ఉద్యోగం ఎక్కడ మానేసింది? బాత్రూంకి వెళ్లింది. ఇంకా తిరిగి రాలేదు, అంతే" అంటుంది.

నన్నడిగితే జగోర్కా మాటే నిజానికి దగ్గర.

లెస్కోవాట్స్ పట్నం దాటాక పాత నూలు మిల్లు స్థలంలో కార్ల సీట్లకు తోలు కవర్లు కుట్టే ఫ్యాక్టరీ ఒకటుంది. లైనుకి ఇరవై ఇద్దరు ఆడవాళ్లు, లైనుకి ఒక్కటే ఎర్ర కార్డు. బాత్రూంకి వెళ్లాలనుకున్న మనిషి గోడకున్న కొక్కెం మీంచి ఆ కార్డు తీసి తన మిషన్‌కి తగిలించి వెళ్లాలి. కార్డు ఒక మిషన్ మీద ఉన్నంతసేపూ మిగతా ఇరవై ఒక్కమందీ బిగబట్టుకుని కూర్చోవాలి. ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిన ఆలోచనో గానీ, వాడికి తల్లీ చెల్లీ లేరని మాత్రం గట్టిగా చెప్పగలను. దోబ్రిలా ఆ కార్డు కింద పంతొమ్మిదేళ్లు పనిచేసింది. లైను మొత్తం మీద కష్టమైన కుట్టు ఆమెదే. సీటు పక్కన, ప్రమాదం జరిగితే లోపలి ఎయిర్‌బ్యాగ్ చీల్చుకుని రావలసిన చోట, కుట్టు అటు మరీ గట్టిగానూ ఉండకూడదు, ఇటు వదులుగానూ ఉండకూడదు. ఆ కుట్టు ఆమె చేతికి అబ్బింది. అబ్బింది కాబట్టే ఆమెను అక్కణ్నించి ఎవరూ కదలనివ్వలేదు.

ఆమె కోరింది జీతం పెంపు కాదు, పైస్థాయి కుర్చీ కాదు. ఏడాదికి ఒక్క రోజు, అక్టోబర్ ఇరవై ఏడు.

ఆ రోజు పునీత పెట్కా పండగ. దోబ్రిలా తండ్రిగారింటి స్లావా, అంటే ఇంటి పునీతుడి పండగ. మా వైపు ప్రతి ఇంటికీ ఒక పునీతుడో పునీతురాలో ఉంటారు, వాళ్ల రోజున ఇంట్లో కొవ్వొత్తి వెలగాలి, తీపి గోధుమ ఉడకాలి, రొట్టె కోయాలి. ఆ రోజుకి ఎవరినీ పిలవరు. రావలసినవాళ్లు పిలవకుండానే వస్తారు, వచ్చినవాణ్ని ఎవడైనా సరే పొమ్మనరు. స్లావాకి ఉద్యోగస్తుడికి ఒకరోజు సెలవియ్యాలని చట్టం కూడా ఉంది. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, స్లావా పొలంలాగా తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. దోబ్రిలా తండ్రికి కొడుకుల్లేరు. ఆయన పోయినప్పుడు పెట్కా పటమూ గోధుమ గిన్నే కూతురు చేతికొచ్చాయి. "ఒకే ఇంట్లో ఇద్దరు పునీతులేంటి, ఏదో ఒకటి తేల్చుకో" అన్నాడు మొగుడు. కొన్నాళ్లకి ఆమె తేల్చుకుంది. విడాకులయ్యాక ఆయన తన ఇంటి పునీతుడు నికోలాని తన దగ్గరే ఉంచుకున్నాడు, పెట్కా ఈమెతో వచ్చేసింది.

పెట్కా ఆడవాళ్ల పునీతురాలు. ఆమె రోజున ఆడది సూది పట్టకూడదు. దోబ్రిలా నాయనమ్మ ముందురోజు సాయంత్రమే ఇంట్లో సూదులన్నీ ఏరి, ఉన్ని ఉండలో గుచ్చి, అటక మీద పెట్టేసేది. పండగనాడు చొక్కా బొత్తాం తెగితే తాత రోజంతా చొక్కాని చేత్తో పట్టుకుని తిరిగేవాడట. సూది పడితే ఆ పోటు పెట్కా వేళ్లకి తగులుతుందని ఆ ముసలమ్మ నమ్మకం. దోబ్రిలా అంత నమ్మిందో లేదో నాకు తెలీదు. కానీ ఆ రోజున కుట్టిన ప్రతి కుట్టూ ఆమెకి నాయనమ్మ ముందు తప్పుచేసినట్టే ఉండేది. పంతొమ్మిది పెట్కా పండగల్లో పదిహేను ఆమె మిషన్ ముందే గడిపింది. మిగతా నాలుగూ ఆదివారాలో, ఒంట్లో బాగాలేని రోజులో.

అందుకే ఆ ఏడు ముందుగానే పర్సనెల్ సెక్షన్‌కి వెళ్లింది. అక్కడి అమ్మాయి కంప్యూటర్ చూసి, "మీ ఫైల్లో నికోలా ఉన్నాడక్కా, డిసెంబర్ పంతొమ్మిది" అంది.

"ఆ నికోలాకీ నాకూ విడాకులైపోయి అయిదేళ్లయింది."

"అయితే మీకు స్లావా లేనట్టే కదక్కా. పెట్కా మీ నాన్నగారిది. ఇంటి పెద్దకే సెలవు."

"మా ఇంట్లో ఉండేది నేనూ పిల్లీ. ఇంటి పెద్ద ఎవరంటావు మరి?"

ఆ అమ్మాయి నవ్వాపుకుని, సూపర్‌వైజర్‌ని అడగమంది. సూపర్‌వైజర్ తిహోమిర్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ ఇంకా సులువుగా ఉండేది. అతనిదీ ఈ ఊరే. పైవాళ్లని చూస్తే భయం, కిందివాళ్లని చూస్తే మొహమాటం, ఈ రెంటి మధ్యా బతుకు లాక్కొస్తున్నాడు.

"దోబ్రిలా, ఈ లైన్లో సగంమంది పెట్కా అంటారు. అందరూ సూదులు కిందపెడితే కార్లు కొన్నవాళ్లు చెక్కల మీద కూర్చుంటారా?" అన్నాడు.

"ఒక్కరోజు కూర్చుంటే ఏం పోతుందండీ. నేను పంతొమ్మిదేళ్లుగా చెక్క కుర్చీ మీదే కూర్చున్నాను."

సెలవు రాలేదు. పెట్కా పండగ ఆ ఏడు సోమవారం వచ్చింది. దోబ్రిలా ఆరింటికల్లా డ్యూటీకొచ్చింది. తొమ్మిదిన్నర దాకా కుట్టింది. అప్పుడు ఆమెకి ఏమైందని చాలామంది అడిగారు. ఏమీ కాలేదు. సూది పైకీ కిందకీ ఆడుతుంటే చూస్తూ కూర్చుంది, ఇక చూడలేకపోయింది. మిషన్ ఆపి సూదిలోంచి దారం లాగేసింది. కొక్కెం మీది ఎర్ర కార్డు తెచ్చి తన మిషన్‌కి తగిలించింది. తర్వాత కోటు తొడుక్కుంది.

"బాత్రూంకి కోటెందుకే?" అంది జగోర్కా.

"చలేస్తోంది."

నలభై నిమిషాల పాటు లైన్లో ఎవరూ నోరెత్తలేదు. చివరికి ఒకావిడ ఇక ఆగలేనని ఏడుపుమొహం పెడితే అప్పుడు తిహోమిర్ వచ్చి ఆ కార్డు తీశాడు. అప్పటికి దోబ్రిలా ఇంట్లో గోధుమ ఉడకేస్తోంది.

ఊరు ఊరుకుంటుందా. మిల్లులన్నీ మూతపడిన మా ఊళ్లో ఫ్యాక్టరీ ఉద్యోగమంటే కూడు. దాన్ని కాలదన్నిన ఆడమనిషిని చూస్తే జనానికి జాలి కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. రొట్టెల దుకాణం ముందు వరసలో నిలబడి, "మంచు పడనీ, గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడకపోతే నన్నడగండి" అనేవారు, ఆమె వింటుండగానే. మాజీ మొగుడు తన ఇంటి నికోలా పునీతుడి పండక్కి రమ్మని, ఒక ప్లేటు భోజనానికి తన ఇంట్లో లోటు లేదని కబురు పెట్టాడు. ఆమె ఆ ప్లేటేదో తనకే మిగుల్చుకోమని తిరుగు కబురు పంపింది.

బజారు వెనక చెప్పులు కుట్టే ముసలాయన వదిలేసిన గది ఒకటి తీసుకుంది. మూతపడిన బూట్ల కంపెనీ నుంచి తోలు కుట్టే పెద్ద మిషన్ ఒకటి సంపాదించింది. దాన్ని ట్రాక్టర్ ట్రాలీలో వేసుకొచ్చినవాడు బొజిదార్ అని మిరప రైతు. మిషన్ దింపాక ఆమె చూపు అతని ట్రాక్టర్ సీటు మీద పడింది. కుక్క పీకేసి లోపలి స్పాంజి బయటికొచ్చి ఉంది. అదే ఆమె మొదటి పని. కార్లకి కుట్టే రెండు వరసల కుట్టు ఆ సీటుకి వేసింది. బొజిదార్ దానిమీద కూర్చుని అటూ ఇటూ కదిలి, "బండి తుప్పుపట్టి పోయినా ఈ సీటు మాత్రం ఉంటుందమ్మాయ్. నా శవపేటికలో వేసి పంపండి" అన్నాడు. ఆ మాట ఊరంతా తిరిగింది.

అయినా మొదటి చలికాలం ఎలా గడిచిందో ఆమెకీ ఆమె పొయ్యికీ తెలుసు. ఊరగాయ మిరపకాయలూ బంగాళాదుంపలూ, అప్పుడప్పుడు ఎవరి కోటు జిప్పో. వసంతం వచ్చాక బజారులో కొట్ల మీది పందిళ్లు కుట్టింది. ఆగస్టు నుంచి మిరప లారీల టార్పాలిన్ పట్టాలు వచ్చిపడ్డాయి, ఊపిరాడలేదు. గది నిండా కాల్చిన మిరపకాయల వాసన, పట్టాల మైనం వాసన. ఆమెకి ఎప్పుడు ఆకలేస్తే అప్పుడు తినేది, ఎప్పుడు లేవాలనిపిస్తే అప్పుడు లేచేది. మొదటి నెలల్లో బాత్రూంకి లేచినప్పుడల్లా చెయ్యి అలవాటుగా గోడమీది కొక్కెం కోసం వెతికేదట. కొక్కెం లేదని గుర్తొచ్చి ఒక్కర్తే నవ్వుకునేదట.

అక్టోబర్ సగం అయ్యేసరికి మిరప అయిపోయింది, లారీలూ ఆగిపోయాయి. ఇంకో చలికాలం పోయినేటిలాగే గడిస్తే దుకాణం నిలవదని ఆమెకి తెలుసు. నిలవకపోతే ఈ ఊళ్లో ఇక మిగిలేది ఫ్యాక్టరీ గేటు ఒక్కటే. అయినా ఆ ఏటి పెట్కా స్లావాని ఇంట్లో కాదు, దుకాణంలోనే చేస్తానంది. "ఆడదానికి స్లావా ఏంటి, అదీ కుట్టు కొట్లో" అన్నవాళ్ల ముందే గోధుమ కొనుక్కెళ్లింది.

పండగ మంగళవారం వచ్చింది. పొద్దున్నే చర్చి ఫాదర్ వచ్చి రొట్టె అడ్డంగా నిలువుగా కోసి ద్రాక్షసారా పోసి వెళ్లాడు. పట్టాలు కత్తిరించే పొడుగు బల్ల మీద తెల్ల దుప్పటి పరిచింది. గోధుమ గిన్నె, వెలిగించిన కొవ్వొత్తి, క్యాబేజీ ఆకుల్లో చుట్టి ఉడికించిన మాంసం, కాల్చిన మిరపకాయల పచ్చడి, రాకియా అనే పళ్ల సారా సీసా. మిషన్ మీద ఇస్త్రీ చేసిన బట్ట కప్పింది. సూదులన్నీ నాయనమ్మ చేసినట్టే ఉన్ని ఉండలో గుచ్చి అలమారా పైన పెట్టింది. స్లావా రోజున ఇంటి పెద్ద కూర్చోకూడదు, నిలబడే వడ్డించాలి. పంతొమ్మిదేళ్లు కూర్చున్న మనిషి ఆ రోజు పొద్దుట్నుంచీ నిలబడే ఉంది. తలుపు బార్లా తెరిచి ఎదురుచూసింది.

పిలవకూడదు కాబట్టి ఎదురుచూడ్డం తప్ప చేయగలిగిందేమీ లేదు. మధ్యాహ్నం అయ్యేసరికి వచ్చింది బొజిదార్ ఒక్కడే.

పన్నెండు దాటాక వీధిలో ఒక పెద్ద ట్రక్కు ఆగింది. తిహోమిర్ చేతిలో ఒక సీటు కవరు పట్టుకుని దాన్నే చూసుకుంటూ లోపలికొచ్చాడు. వెనకాల ట్రక్కు డ్రైవరు.

"దోబ్రిలా, మంచిదైంది దుకాణం తీసే ఉంచావు. ఇటు చూడు, ఈ కుట్టు..." అని తలెత్తాడు. కొవ్వొత్తి కనిపించింది. గోధుమ గిన్నె కనిపించింది.

స్లావా ఇంట్లోకి పని పట్టుకుని రావడం మా దగ్గర ఎంత సిగ్గులేని పనో చెప్పాలంటే, అతని మొహం చూస్తే చాలు, ఇంకేం అక్కర్లేదు. "ఇవాళ తారీఖెంత?" అన్నాడు.

"ఇరవై ఏడు. మీ గోడమీది క్యాలెండర్లో పెట్కా ఉండదు కదా పాపం" అంది దోబ్రిలా, గోధుమ గిన్నె అతని ముందుకి జరుపుతూ.

"మా అమ్మ బతికుంటే చెంప పగలగొట్టేది" అని గొణుక్కుంటూ కవరు కుర్చీ మీద పడేశాడు. టోపీ తీశాడు. శిలువ గుర్తు వేసుకుని ఒక చెంచా గోధుమ నోట్లో వేసుకున్నాడు. ఇక అనవలసిన మాట ఒకటుంది, అనక తప్పదు. "స్లావా శుభం కలగాలి, ఇంటి పెద్దా" అన్నాడు. దోబ్రిలాకి ఆ మాట వినగానే ఒళ్లు పులకరించింది. నిరుడు ఫైల్లో దొరకని ఇంటి పెద్ద ఇదిగో, ఇక్కడ నిలబడి ఉంది.

డ్రైవరు పేరు స్రెతెన్, దక్షిణాన ఏదో పల్లె. అతనూ గోధుమ తిని, శుభం చెప్పి, బొజిదార్ పక్కన కూర్చున్నాడు. దోబ్రిలా అతనికో గ్లాసు రాకియా పోసి, పళ్లెంలో వడ్డించింది. తిహోమిర్ మాత్రం కూర్చోలేకపోయాడు.

"తప్పే, ఒప్పుకుంటున్నా. కానీ విను. అరవై కవర్లు తనిఖీలో వెనక్కొచ్చాయి. నువ్వెళ్లాక ఆ పక్క కుట్టు ఎవరికీ కుదరట్లేదు. బండి నాలుగింటికి కదలాలి. జగోర్కా వాళ్లని డ్యూటీ అయ్యాక ఉండమన్నాను గానీ, వాళ్ల వల్ల కాదని నాకూ తెలుసు. నువ్వు ఇవాళ ఇవి విప్పి కుట్టి ఇస్తే, చలికాలమంతా ఆ కుట్టు పని నీకే పంపిస్తా. నువ్వు ఫ్యాక్టరీకి రానక్కర్లేదు. నీ దుకాణానికే పంపిస్తా, మార్చి దాకా."

మార్చి దాకా అన్న మాటకి దోబ్రిలా బల్ల అంచు పట్టుకుంది. ఆమె ఏ నెలలకి భయపడుతోందో సరిగ్గా ఆ నెలలనే ఇతను తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"రేపు పొద్దున అయిదింటికి మొదలుపెడతాను. పదకొండుకల్లా మీ చేతిలో ఉంటాయి" అంది.

"రేపైతే అక్కర్లేదు. ఇవాళే కావాలి."

"అయితే అక్కర్లేదు లెండి."

"దోబ్రిలా, మొండికెయ్యకు. మూడున్నర గంటల పని. ఎవరు చూడొచ్చారు? తలుపేసుకుని కుట్టు."

"తలుపు ఇవాళ వెయ్యకూడదండీ" అంది. "నిరుడు మిమ్మల్ని ఈ ఒక్కరోజే అడిగాను. ఇవ్వలేదు. ఈ గదీ, ఈ మిషనూ, నేను తిన్న ఆ ఉత్త బంగాళాదుంపలూ, అన్నీ ఈ ఒక్కరోజు కోసమే. ఇవాళ నేను సూది పడితే, మీకూ నాకూ మధ్య ఏం మారినట్టు? మీ దగ్గరే ఉండిపోయి ఉండొచ్చు. అక్కడ గదన్నా వెచ్చగా ఉండేది."

"చలికాలం ఏం తింటావు?"

"మీకెందుకండీ ఆ బెంగ. మీరు ముందు కూర్చుని, వడ్డించింది తినండి. స్లావా ఇంట్లో నిలబడేది నేనొక్కదాన్నే."

తిహోమిర్ కూలబడినట్టు కూర్చున్నాడు. అప్పుడు చూశాడు, స్రెతెన్ తన గ్లాసులో తనే మళ్లీ పోసుకుంటున్నాడు.

"ఏంటయ్యా అది?"

"మూడోదండీ."

"నాలుగింటికి బండి తోలాలి నువ్వు."

"తోలనండి" అన్నాడు స్రెతెన్ నెమ్మదిగా. "మా ఇంట్లోనూ ఇవాళ పెట్కాయే. తెల్లారకముందే బండెక్కించారు నన్ను. సెలవడిగితే ఇంకో డ్రైవరు లేడన్నారు. మా పదేళ్ల పిల్ల కొవ్వొత్తి వెలిగించిందని ఇందాక ఫోన్ చేసింది. స్లావానాడు ఇంటి పెద్ద రోడ్డు మీద ఉంటే ఆ ఇంటికి వచ్చినవాళ్లు ఎవరికి శుభం చెబుతారండీ? దారిలో ఈ అక్క తలుపు తెరిచి ఉంది. కూర్చున్నాను. మూడు గ్లాసులు పడ్డాయి కాబట్టి ఇక రేపు పొద్దున్నే. నా లైసెన్సు పోతే మీరు ఇంకోటి ఇప్పిస్తారా?"

నవ్వాపుకోలేక బొజిదార్‌కి పచ్చడి పొలమారింది. దోబ్రిలా నవ్వలేదు. స్రెతెన్ పళ్లెంలో ఇంకో రెండు మాంసం చుట్టలు వేసి, "తిను తమ్ముడూ" అంది. ఆమె కళ్లు చెమర్చాయి. తనలాగే ఈ ఒక్కరోజు సెలవు దక్కని మనిషి తన బల్ల దగ్గర కూర్చోవడం ఆమెకి ఆ రోజున అన్నిటికన్నా పెద్ద గౌరవంగా అనిపించింది.

వడ్డించింది తిన్నాక తిహోమిర్ ఫోన్ పట్టుకుని వీధిలోకెళ్లాడు. డ్రైవరుకి ఒంట్లో బాగాలేదని ఎవరికో చెప్పడం లోపలికి వినిపించింది. చాలాసేపు అవతలివాళ్ల తిట్లు విన్నాడు. అతను ఇంకా బయట ఉండగానే రెండుంపావు అయింది, సందు మలుపులో ఆడవాళ్ల గొంతులు వినిపించాయి. జగోర్కా ముందు, వెనకాల మరో ఏడుగురు, కొందరు ఇంకా ఫ్యాక్టరీ ఏప్రన్లతోనే ఉన్నారు.

"మిమ్మల్ని ఉండమన్నాను కదా" అన్నాడు తిహోమిర్.

"ఉన్నామండీ. కానీ బాత్రూం వచ్చింది. కార్డు నేను తీసుకున్నాను. వీళ్లందరికీ కూడా వచ్చింది, కార్డు నా దగ్గరే ఉంది కాబట్టి నా వెంట రాక తప్పలేదు" అంది జగోర్కా. లోపలికొచ్చి గోధుమ తింది, దోబ్రిలాని రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టుకుంది, "శుభమే ఇంటి పెద్దా" అంది. ఏప్రన్ జేబులోంచి ఎర్ర కార్డు తీసి ఆమె చేతిలో పెట్టింది. "పిలవని పేరంటానికి ఉత్త చేతుల్తో ఎలా రావడం?"

గది నిండిపోయింది. కుర్చీలు చాలక పట్టాల చుట్టల మీద కూర్చున్నారు. దోబ్రిలా ఒక్కర్తే నిలబడి అందరికీ వడ్డించింది. తిహోమిర్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"రేపు అయిదింటికి" అన్నాడు.

"మార్చి దాకా అన్న మాట?"

"అన్నాను కదా."

"అనడం కాదండీ. నా దుకాణం పేరుతో రాసి తెండి."

అతను ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, సరేనన్నాడు. స్రెతెన్, బొజిదార్ వెళ్లి ట్రక్కులోంచి అరవై కవర్ల పెట్టెలు దింపి గోడవార పేర్చారు. తిహోమిర్ ఆశ చావలేదు. "కనీసం కుట్లు విప్పి ఉంచొచ్చు కదా, దానికి సూది అక్కర్లేదుగా" అన్నాడు.

దోబ్రిలా మిషన్ దగ్గరికెళ్లింది. కప్పిన తెల్లబట్ట మీద, అందరికీ కనిపించేలా, ఎర్ర కార్డు తగిలించింది.

"రేపు పొద్దున అయిదింటికి ఆ కార్డు నేనే తీస్తాను" అంది. "అప్పటిదాకా నేను బాత్రూంలోనే ఉన్నాననుకోండి."